రెండు దినముల చరిత్రయాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి 1831లో తిరిగి యిల్లు చేరిరి. పదునైదు మాసములకు పైబడిన ఆ ప్రయాణములో వారు ప్రతి మజిలీని, ఆమడల లెక్కను, ఆయా యూళ్లలో దొరకు సరకులను దినదినము వ్రాసికొనిరి. ఆ వ్రాతయే కాశీయాత్ర చరిత్రమై, తెలుగు యాత్రాగ్రంథములలో మొదట పేర్కొనదగినదయ్యెను. అంత తీరిక నేటివారికి లేదు. నేటి గృహస్థునకు చేతనుండునవి రెండు దినములు, మహా అయిన మూడు. అంత కొలది కాలములో చరిత్రప్రసిద్ధములైన ఊళ్లను చూడదలచినవాడు దేనిని చూడవలెను, దేనిని విడువవలెను, ఏ క్రమమున నడువవలెను అనునదే ఈ ఉపన్యాసమునకు విషయము.

ఈ చిక్కు లోకమంతట నున్నదే. యూరపు ఖండమున ఇటలీ దేశమునకు పోవువారిని ఇది మిక్కిలి వేధించును. రోము, ఫ్లారెన్సు, వెనిసు అను మూడు నగరములును ఒకదానిని మించినది మఱియొకటి. నాలుగు దినములలో మూడింటిని చూడబూనినవాడు రైళ్లలోను, వసతిగృహముల వాకిళ్లలోను సగము కాలము వెళ్లబుచ్చి, ఏ నగరమున ఏమి చూచెనో కలగాపులగము చేసికొని తిరిగివచ్చును. అనుభవజ్ఞులు ఒక నగరమునో రెండింటినో ఎన్నుకొని, ఉదయమున ఒక ముఖ్యస్థలమును, సాయంకాలమున మఱియొకదానిని మాత్రము చూతురు. సెలవుదినములు కూడ ముందే తెలిసికొందురు. ఫ్లారెన్సులోని ఉఫీజీ చిత్రశాలకు సోమవారము సెలవు. సోమవారము నొక్కదానినే చేతనుంచుకొని పోయినవానికి మూసిన తలుపులే దర్శనము. మిలాను నగరములో లియొనార్డో డావించి 1495–1498 నడుమ గోడపై వ్రాసిన కడపటి విందు చిత్రమును చూడవలెనన్న ముందుగానే వేళ నిర్ణయించుకొని చీటీ కొనవలెను. కొలదిమందిని మాత్రము లోనికి విడిచి, పదునైదు నిమిషములు కాగానే వెలుపలికి పంపుదురు. ఆ పదునైదు నిమిషములకై జనులు ఎంతో దూరమునుండి సముద్రములు దాటి వత్తురు.

ఇప్పుడు హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న లేపాక్షిని తలచుకొనుడు. అచ్చట పదునైదు నిమిషములు కాగానే ఎవరును వెళ్లగొట్టరు. ఉదయము పోయినవాడు మధ్యాహ్నము వరకు చిత్రముల క్రింద నిలువవచ్చును. అయినను దిగినవారిలో పెక్కురు వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి తీసి, నంది ముందర ఫోటో తీయించుకొని, తల యెత్తి పైకప్పును చూడకయే వెళ్లిపోవుదురు. మిలానులో నియమము వలన కలిగిన పదునైదు నిమిషములు లేపాక్షిలో తమంతట తామే విధించుకొన్నవి. పొరుగూరివారి మాట యటుంచి, ఈ సీమవారే హిందూపురమునకు సంతకు, ధర్మవరమునకు రైలుకు పోవుచు పెనుకొండ కొండను బండి కిటికీలోనుండి జీవితమంతయు చూచుచు, ఒక్కనాడైనను దిగి కోటలో అడుగు పెట్టనివారు ఎందరు లేరు? పెరటి చెట్టు మందునకు రాదని పెద్దలూరక అనలేదు.

ఈ పెరటి చెట్టును వెదకికొని ఇటలీవాడొకడు మన దేశమునకు వచ్చిన సంగతి విననర్హము. చేసరె ఫెదెరీచి అను వెనిసు నగర వర్తకుడు 1563లో ఇల్లు విడిచి, తూర్పు దేశములన్నియు తిరిగి, 1581లో తిరిగి చేరెను. అతని యాత్రాగ్రంథము 1587లో వెనిసులో అచ్చయినది. అతడు విజయనగరము చేరినది 1567లో, అనగా రక్కసితంగడి యుద్ధము జరిగిన రెండేండ్లకు. ఇండ్లు నిలిచియున్నను నగరము శూన్యమై, పులులకు, అడవి మృగములకు నెలవై యుండెనని అతడు వ్రాసెను. రాజు తన కొలువును అచ్చటికి ఎనిమిది దినముల ప్రయాణములో నున్న పెనుకొండకు మార్చెననియు అతడే తెలిపెను. యుద్ధములో పోయిన గుఱ్ఱముల సొమ్ము కూడ తీర్తునని తిరుమలరాయలు వర్తకులను పిలిపించి, వారు తెచ్చిన గుఱ్ఱములను పుచ్చుకొని, రిక్తహస్తములతో పంపెనని కూడ అతని వ్రాత. రాజధాని పోగొట్టుకొన్న ప్రభుత్వము ఎంత యిక్కట్టులో నుండెనో ఆ బాకీలెక్క వలన తెలియును. ఫెదెరీచికి విజయనగరములో ఒక నెల పని యుండెను. దారులలో దొంగల భయము వలన అతడు ఏడు మాసములు నిలువవలసి వచ్చెను. నేటి యాత్రికునకు అట్టి భయము లేదు. అతనికి కొఱతయైనది కాలమే. కనుక కాలమునకు లెక్క వ్రాసికొనుట మొదటి పని.

కాలపు జమాఖర్చు

ఒక సాయంకాలము ఆరుగంటలకు హిందూపురము చేరి, మూడవనాటి సాయంకాలము ఆరుగంటలకు ధర్మవరములో రైలెక్కువానికి జమ 48 గంటలు. ఖర్చులో రెండు రాత్రుల నిద్రకు 16, స్నానభోజనాదులకు 8, ఊరినుండి ఊరికి పోవుటకు, బస్సులకై నిలుచుటకు 6, ఎండవేళ విశ్రాంతికి 4. మొత్తము 34 గంటలు. నిలువ 14 గంటలు. రెండు దినములు చేతనున్నవని ఉప్పొంగినవానికి నిజముగా చూచుటకు మిగులునది ఇంతే. ఈ పదునాలుగింటిలో లేపాక్షికి 5, పెనుకొండకు 6, ధర్మవరమునకు 3 గంటలు కేటాయించుట న్యాయము. విశ్రాంతికి వ్రాసిన నాలుగు గంటలను కాజేసి ఇంకొక ఊరు చూతమనుకొనుట అప్పుచేసి పప్పుకూడు వంటిది. వెంటనున్న వృద్ధులును పిల్లలును ఆ యప్పును మరునాడు వడ్డీతో వసూలు చేయుదురు.

ఈ మూడూళ్లను ఈ క్రమముననే చూడవలెననుటకు కారణము గలదు. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రదేశములకు దారి యొక్కటి, రైలు మార్గమొక్కటి. అంతకంటె ముఖ్యముగా వాని కథయు ఒక్కటే. పెనుకొండ నుండి అధికారము చేసిన సోదరులు లేపాక్షి గుడి కట్టించిరి. ఆ పెనుకొండయే తరువాత సామ్రాజ్యమునకు రాజధాని యయ్యెను. లేపాక్షి రాతిమీదను, కప్పుమీదను ఉన్న లతలు ధర్మవరపు చీరల అంచులలోనికి దిగెను. వైభవము, ఆపద, నిలిచిన పనితనము అను మూడు ఘట్టములు వరుసగా కన్నులకు కట్టును. హిందూపురము ఈ యాత్రకు బస మాత్రమే. బెల్లము, చింతపండు, పట్టుగూళ్ల బజారులకు పేరుపొందిన ఆ పట్టణమునకు హిందూరావు పేర ఆ నామము వచ్చెనని చెప్పుదురు. రాత్రి భోజనమునకు, ప్రాతఃకాలపు బస్సునకు అది అనువైన చోటు.

మొదటి దినము ఉదయము: లేపాక్షి

ఉదయము ఏడుగంటలకు లేపాక్షిలో నుండవలెను. చెప్పులు విడిచి రాతిమీద నడువవలసిన చోటు గనుక, ఎండ ముదిరిన తరువాత పోయినవాడు శిల్పమును విడిచి నీడను వెదకును. కార్తీకము మొదలు మాఘము వరకు ప్రయాణమునకు మంచి కాలము. ఆదివారములందు జనసమ్మర్దము హెచ్చు.

మొదట నందిని చూచుట మేలు. ఒకే రాతిలో మలచిన ఈ నంది సుమారు 15 అడుగుల యెత్తు, 27 అడుగుల పొడవు. మెడలోని గంటలు, హారములు ఒక్కొక్కటి వేరువేరుగా చూడదగినవి. అడివి బాపిరాజు గారు దీనిమీద గేయము వ్రాసిరి. అచ్చటినుండి కూర్మశైలమను రాతిగుట్టమీదనున్న గుడికి నడచి పోవలెను. అచ్యుతదేవరాయలు 1529 నుండి 1542 వరకు రాజ్యము చేసెను. అతని కాలమున పెనుకొండలో అధికారము నెరపిన విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు ఈ యాలయమును నిర్మించిరి. వీరభద్రుడు, పాపనాశేశ్వరుడు, రఘునాథుడు ఒకే కప్పు క్రింద కొలువై యుండుటచే శైవులకును వైష్ణవులకును సమానముగా పూజ్యమైనది.

నాట్యమండపమున రంభ నాట్యమాడుచుండ బ్రహ్మ మద్దెల వాయించును, తుంబురుడు వీణ మీటును, మూడు కాళ్ల భృంగి అడుగు లేయును. ఒక్కొక్క దేవత ఒక్కొక్క స్తంభమై నిలువగా మండపమంతయు ఒక సభ వలె నుండును. ఇచ్చటనే నేల నంటీ నంటక యున్న స్తంభము గలదు. దానికి రెండు నిమిషములు చాలును.

తక్కిన కాలమంతయు పైకప్పునకే. ఇచ్చట అర్జునుని తపస్సు, వరాహమునకై కిరాతునితో పోరు వరుసగా వ్రాయబడినవి. ద్రౌపదీ కల్యాణము, పార్వతీ కల్యాణము, వటపత్రశాయి, దూడను రథచక్రము క్రింద చంపిన కన్నకొడుకును శిక్షించిన మనునీతి చోళుని కథ కలవు. కట్టించిన సోదరులు పరివారముతో దేవుని కొలుచుచున్న పటము కూడ నున్నది. ఆ పురుషుల పొడవైన కుళ్లాయిలు, ఆ స్త్రీల చీరల అంచులు, కొప్పులు, నగలు శ్రద్ధగా చూచిన యెడల నాలుగు వందల యేబదేండ్లకు పూర్వపు మన సీమవారి వేషభాషలలో వేషమైనను కన్నులయెదుట నిలుచును. పుస్తకములలో ఎంత చదివినను ఇది దొరకదు.

ఒక కాలసామ్యము గమనింపదగినది. రోము నగరమున సిస్టీను దేవళపు పైకప్పును మైకెలాంజెలో 1508–1512 నడుమ చిత్రించెను. అదే దేవళమున తుదితీర్పు అను మహాచిత్రమును 1536–1541 నడుమ వ్రాసెను. అనగా రోములో ఆ చిత్రకారుడు గోడపై కుంచె నడుపుచున్న యేండ్లును, అచ్యుతరాయలు రాజ్యము చేయుచున్న యేండ్లును కలసినవి. ఇతనిది తడి సున్నముపై రంగులద్దు విధానము. లేపాక్షి పని మఱియొక విధము. సున్నపు పూతపై నల్లని రేఖలు తీర్చి, కావి, పసుపు, ఆకుపచ్చ మొదలగు మట్టిరంగులు నింపిరి. అతని పేరు లోకమెరుగును. లేపాక్షి చిత్రకారుల పేర్లు తెలిసినవాడెవడును లేడు.

మెడ నొప్పి వలన పలువురు పైకప్పు చూచుట మానుకొందురు. దీనికొక సులభోపాయము గలదు. ఒక చేతి అద్దమును నడుము ఎత్తున పట్టుకొని, అందులో కప్పు ప్రతిబింబమును చూచిన యెడల ఎంతసేపైనను అలసట కలుగదు. బొమ్మ కుడియెడమలు మారునని మాత్రము గుర్తుంచుకొనవలెను. పిల్లలకు ఇది మహోత్సాహకరము. ఫోటోల మెఱుపుదీపమును చిత్రములపై వేయరాదు. ఇప్పటికే పలుచోట్ల పూత రాలి, రంగు వెలిసి, కథలు నడుమ తెగిపోయినవి. 2022లో ఈ గుడియు నందియు ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థవారి ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరినవి. జాబితాలో చేరినంతమాత్రమున రాలిన రంగు తిరిగి రాదు.

తుదకు ఏడుపడగల నాగలింగమును, లతామండపమును, అసంపూర్ణమైన కల్యాణమండపమును చూడవలెను. లతామండప స్తంభముల పక్కలపై చెక్కిన తీగలు, పూలు, పక్షుల నమూనాలను పిల్లలచేత కాగితముపై దింపించుట మంచిది. అవి మరునాడు ధర్మవరములో పనికివచ్చును. కల్యాణమండపము నిలిచిపోవుటకు స్థానికులు ఒక కథ చెప్పుదురు. కోశాధికారియైన విరూపణ్ణ రాజాజ్ఞ లేక ఖజానా సొమ్ము గుడికి వెచ్చించెననియు, రాజు కన్నులు తీయుమనగా అతడే తన కన్నులు పెరికి గోడకు కొట్టెననియు, ఆ మరకలే గోడపై నున్నవనియు అందురు. లెక్కలో చేరని ఖర్చు ఎంత పుణ్యకార్యమునకైనను ప్రాణాంతకమని ఈ కథ చెప్పువారి తాత్పర్యము కాబోలు! దీనిని వినికిడిగా మాత్రము మనస్సులో నుంచుకొనవలెను. పెనుకొండలో దీనికి జతయైన మఱియొక కథ ఎదురగును.

మొదటి దినము సాయంకాలము: పెనుకొండ

భోజనమును విశ్రాంతియు ముగించి, హిందూపురమునకు ఉత్తరముగా సుమారు 40 కిలోమీటర్ల దూరముననున్న పెనుకొండను నాలుగుగంటలకు చేరవలెను. సంస్కృతమున దీనికి ఘనగిరి యని పేరు. మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కుమారుడైన వీరవిరూపణ్ణ ఒడయరున కిచ్చిన సంగతిని, కోట నిర్మాణమును 1354 నాటి శాసనము చెప్పుచున్నది. లేపాక్షి విరూపణ్ణ వేరు, ఈ విరూపణ్ణ వేరు. ఇద్దరికి నడుమ దాదాపు రెండువందల యేండ్లున్నవి. పేర్లు కలియుటచే పలువురు పొరపడుదురు.

మొదటి సాయంకాలము గగనమహలు చూచుటకే. ఇది రెండంతస్తుల కట్టడము. క్రింది యంతస్తులోని స్తంభములు గుడి మండపపు రీతిని, మీది యంతస్తులోని కమానులు, గుమ్మటములు మహమ్మదీయ రీతిని బోలియున్నవి. రెండు రీతులు ఒకే గోడలలో ఇమిడియుండుటను తీరికగా చూడవలెను. సమీపముననే రామాలయమును శివాలయమును ప్రక్కప్రక్కన నున్నవి. ఊరిలో పార్శ్వనాథ తీర్థంకరుని జైనాలయమును, బాబయ్య స్వామి దర్గాయు కలవు. దర్గాకు అన్ని మతములవారును మ్రొక్కుబళ్లు చెల్లించుటకు వత్తురు. నడచి పోగలిగినంత దూరములో ఇన్ని మతముల ఆలయములుండుట రాజధానిగా నుండిన ఊరికే తగును.

ఈ సాయంకాలము తలచుకొనవలసిన చరిత్ర కొంచెమున్నది. 1565 జనవరిలో రక్కసితంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలిన పిదప, అతని తమ్ముడు తిరుమలరాయలు ఏనుగులపై ధనరాశుల నెక్కించి విజయనగరము విడిచెనని చరిత్రకారులు వ్రాసిరి. తుదకు అతడు పెనుకొండను నెలవు చేసికొని, 1570 ప్రాంతమున పట్టాభిషిక్తుడై ఆరవీటి వంశపు ప్రభుత్వమును స్థాపించెను. రామరాజభూషణుడు వసుచరిత్రమును కృతి యిచ్చినది ఈ తిరుమలరాయలకే. రాజధాని పోయి, బొక్కసము చిక్కి, శత్రువులు సరిహద్దుల నున్నప్పుడు సైతము ఈ ప్రభువు కావ్యము నంకితము పుచ్చుకొనెనన్నది ఆలోచింపదగినది. ఆ కావ్యములోని శ్లేషలకు తలవంచిన పండితులు ఎందరో ఉన్నారు గాని, అది ఎవరి చేతిలో పెట్టబడినదో ఆ ప్రభువు ఊరు చూడవచ్చినవారు అరుదు.

రెండవ దినము ఉదయము: కొండయా, కోటయా?

ఇచ్చట నిజమైన ఎన్నిక వచ్చును. చేతనున్నవి నాలుగు గంటలు. శిఖరముననున్న లక్ష్మీనరసింహస్వామి ఆలయము వరకు ఎక్కిదిగుటకు, దారిలోని బురుజులను, ద్వారములను చూచుటకు ఆ కాలమంతయు చెల్లును. అట్లు గాక క్రిందనే ఉన్నచో కోటగోడలు, ఎఱ్ఱమంచి ద్వారమును అచ్చటి ఆంజనేయుని, తిమ్మరుసు బందిఖానాగా చూపబడు కట్టడమును, ముందునాడు మిగిలిన గుళ్లను చూడవచ్చును. రెండును చేయబూనినవాడు రెండును చెడగొట్టుకొనును. కాళ్లలో బలముగల పడుచువారు తెల్లవారకమునుపే నీళ్లు తీసికొని కొండ ఎక్కవలెను. ఇంత ఎత్తునుండి నలుదిక్కులు చూచిన గాని తిరుమలరాయలు ఈ కొండనే ఎందుల కాశ్రయించెనో బోధపడదు. వృద్ధులు, పసిబిడ్డలు గల కుటుంబములు క్రింది మార్గముననే పోవుట మేలు. ఒకే బృందములోనివారు రెండుగా విడిపోయి పదిగంటలకు ఒక చోట కలిసికొనుట అన్నిటికంటె ఉత్తమము. ఒకరు చూచినది మఱియొకరికి చెప్పుకొందురు.

బందిఖానా యొద్ద నిన్నటి లేపాక్షి కథను జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. శ్రీకృష్ణదేవరాయల పుత్రుడైన బాలుడు తిరుమలదేవరాయలు 1524లో విషప్రయోగము వలన మరణించెననియు, ఆ నేరము మహామంత్రి సాళువ తిమ్మరుసుపై మోపి, అతని కన్నులు తీయించి చెరనుంచిరనియు పోర్చుగీసు వర్తకుడు నూనిజు వ్రాసెను. అతడు అచ్యుతరాయల కాలమున విజయనగరములో నుండి, నాటి మాటలు విని వ్రాసినవాడు. ఆ చెర పెనుకొండలోనిదే యన్నది స్థానికుల పరంపర. కన్నులు పోయిన ఇద్దరు అధికారుల కథలలో విరూపణ్ణది నోటిమాట మాత్రము. తిమ్మరుసుది దాదాపు సమకాలికుని వ్రాత. చోటు మాత్రము నోటిమాట. ఏది వ్రాతయో ఏది వినికిడియో వేరుచేసికొనుట నేర్చినవాడే చరిత్రస్థలములను నిజముగా చూచినవాడు. నోటిమాటను త్రోసిపుచ్చనక్కరలేదు. దానిని వేరు పద్దులో వ్రాసికొనిన చాలును.

తిరుమలరాయల తరువాత శ్రీరంగరాయలు 1572లో రాజయ్యెను. 1586లో సింహాసనమెక్కిన వేంకటపతిరాయలు గోలకొండ సైన్యములను ఎదిరించి పెనుకొండను నిలుపుకొని, పిమ్మట రాజధానిని చంద్రగిరికి తరలించెను. నాటినుండి పెనుకొండకు రాజధాని హోదా తొలగెను. నేడు ఎఱ్ఱమంచి యనగా పలువురకు స్ఫురించునది 2019 నుండి మోటారుకార్లు తయారుచేయు కియా కర్మాగారము. జాతీయరహదారిపై ఆ కార్లు పోవుచుండగా పాత ద్వారములో ఆంజనేయస్వామి నిలుచియే యున్నాడు. పనికి పోవు పడుచువారికి ఆ ద్వారము కథ చెప్పువారు ఊరిలో ఉండవలెను గదా!

రెండవ దినము అపరాహ్ణము: ధర్మవరము

పెనుకొండనుండి ధర్మవరము సుమారు 45 కిలోమీటర్లు. చిత్రావతీ తీరముననున్న ఈ యూరి పెద్దచెఱువును క్రియాశక్తి ఒడయరు త్రవ్వించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు నిలిపెనని ప్రతీతి. వానలు తక్కువైన ఈ సీమలో రాజులను మించి జనులు స్మరించునది చెఱువు త్రవ్వించినవానినే. చెఱువుకట్టపై అరగంట నడచి, తక్కిన రెండున్నర గంటలు మగ్గము యొద్ద గడుపవలెను. అంగడిలో గాదు, మగ్గము యొద్ద.

నేతవారి అనుమతి పొంది, చెప్పులు విడిచి, వారి పనికి అడ్డు రాకుండ కూర్చున్న యెడల వారు ఆదరముతో చూపుదురు. మగ్గపు గుంటలో కాళ్లుంచి కూర్చున్న నేతగాడు పడుగు నడుమ నాడె విసరును, అచ్చుతో పేకను కొట్టును. మీద జకార్డు పెట్టెలోని చిల్లుల అట్టలు ఒక్కొక్కటిగా తిరుగుచు ఏ పోగు లేవవలెనో నిర్ణయించును. ఒక్క వరుసకు ఒక్క అట్ట. పని హెచ్చుగల చీరకు దినములే గాక వారములు పట్టును. వెడల్పైన జరీ అంచు, నిండైన కొంగు, చూచు వైపును బట్టి మారు రెండు వన్నెల మెఱుపు ధర్మవరపు చీర లక్షణములు. లేపాక్షి కప్పుపై, లతామండప స్తంభములపై నున్న నమూనాలే ఈ అంచులకు మూలమని నేతవారు చెప్పుదురు. మొదటి దినము పిల్లలు దించిన కాగితములను ఇచ్చట విప్పి పోల్చి చూచినప్పుడు యాత్ర యంతయు ఒక్క ముడిలో చేరును. లేపాక్షిలో రంగు రాలుచున్నను ఆ తీగ ఇచ్చట ఇంకను అల్లుకొనుచునే యున్నది.

అల్లుకొనుచున్నంత కాలమే ఆ మాట నిజము. అంచుగల చీరలను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినను, మరమగ్గములు అవే నమూనాలను దింపి చౌకగా అమ్ముటచే చేతిమగ్గములు నిలుచుట కష్టమైనది. పట్టు ధర యెక్కి, కూలి దిగి, అప్పుల వలన ప్రాణములు తీసికొన్న నేతవారి వార్తలు ధర్మవరమునుండి పలుమారులు వచ్చినవి. కనుక చీర కొనువాడు చేనేత ముద్రను, పట్టు ముద్రను అడిగి చూచి కొనుట ధర్మము. కొననివాడు మగ్గము యొద్ద కూర్చుండి పని చూచి, పనివానికి నమస్కరించి వచ్చినను యాత్ర సఫలమే.

విడిచినవానిని గూర్చి

రెండు దినములలో ఇంతకంటె చూడరాదు. పుట్టపర్తి, కదిరి, తాడిపత్రి, గుత్తి మొదలగునవి విడువవలసి వచ్చును. విడిచితిమని చింతింపనక్కరలేదు. ఈ సీమవారికి ఇటలీ యాత్రికునకు లేని భాగ్యమొకటి గలదు. అతడు విడిచినది మరల చూడవలెనన్న సముద్రము దాటవలెను. వీరు వచ్చు పండుగ సెలవులలో బస్సెక్కిన చాలును. కనుక విడిచినవాని పట్టిక వ్రాసి బీరువాలో నుంచుకొనుట మంచిది.

బయలుదేరుటకు ముందు చేయవలసిన పని ఒక్కటే మిగిలియున్నది, అది చదువుట. భారతము అరణ్యపర్వములోని అర్జునుని తపస్సును గాని, శ్రీనాథుని హరవిలాసములోని కిరాతార్జునీయ కథను గాని ఒకరు పైకి చదువగా ఇంటిల్లిపాదియు విని పోయిన యెడల, లేపాక్షి పైకప్పున ఉన్నది రంగుల మచ్చలుగా గాక కథగా కనబడును. విజయనగర చరిత్రకు రాబర్టు సూయెలు 1900లో ప్రకటించిన ఆంగ్లగ్రంథము గలదు. నూనిజు వ్రాత అందున్నది. ఆంగ్లము వచ్చిన విద్యార్థులు దానిలోని నాలుగు పుటలు చదివి పెద్దలకు తెలుగున చెప్పవచ్చును. చదివి పోయినవానికి ఐదు గంటలు చాలవు. చదువక పోయినవానికి పదునైదు నిమిషములే ఎక్కువ.

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున ఒక చిన్న ఏర్పాటు చేసికొనుట యుక్తము. ఒక గట్టి బైండు పుస్తకమునకు యాత్రాపుస్తకమని పేరు పెట్టి మేజాపై నుంచవలెను. లేపాక్షి, పెనుకొండ, ధర్మవరములకు పోయివచ్చిన ప్రతి చందాదారుడును ఒక్క పుట వ్రాయవలెను. పోయిన తేది, చూచిన స్థలము, పైకప్పు చిత్రములలో ఏ బొమ్మ స్పష్టముగ నున్నది, ఏది రాలినది, ధర్మవరములో ఏ వీధిలో మగ్గపు సవ్వడి వినబడినది, ఎచ్చట నిలిచిపోయినది, ఇంత చాలును. అలంకారము లక్కరలేదు. పొలమునకు అడంగలు ఉన్నట్లు, ఈ సీమ సంపదకు ఇది అడంగలు కావలెను. ఏటేట వ్రాసిన లెక్క యొకటి ఉన్నప్పుడే ఏమి పోయినదో అడుగుటకు అధికారము కలుగును. లెక్క లేని ఆస్తి పోయినను పోయినట్లు తెలియదు.

వీరాస్వామయ్య గారు పదునైదు మాసములు తిరిగి వ్రాసినది నేటికిని చదువుచున్నారు. రెండు దినములు తిరిగినవాడు ఒక్క పుట వ్రాసిన, మరి యిరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపువారు దానిని విప్పి చదువుకొందురు. గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!